గింజల డబ్బాలో తూటాలు

తూటాలు ఎన్నేళ్లు నిలవ ఉంటాయని సత్తయ్య అడిగితే, ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. చాయ్ హోటల్ మల్లేశ్వర్, మందు గోళీలకున్నట్టే వాటికీ తారీఖు ఉంటుందని, అది దాటితే పారేయాల్సిందేనని తీర్పు ఇచ్చేశాడు. గొర్లు కాసే బుచ్చయ్య ఒప్పుకోలేదు. "బియ్యం లెక్కనే. పాతగైన కొద్ది పస పెరుగుతది" అన్నాడు. ఇద్దరిలో ఒక్కడూ జన్మలో తుపాకి పట్టిన పాపాన పోలేదు. తెలియని సంగతి మీద గట్టిగా మాట్లాడటానికి మన ఊళ్లలో మనుషులకు ఎప్పుడూ కొరత లేదు.

సత్తయ్య ఇద్దరు చెప్పిందీ విన్నాడు. విన్నాడనడం కంటే, వాళ్లు మాట్లాడినంతసేపూ అక్కడ నిలబడ్డాడు అనడం మేలు. భార్య సక్కుబాయి పోయి రెండు నెలలు దాటింది. అప్పటి నుంచీ ఆయన అంతే. కంచం ముందు పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఎవరైనా పలకరిస్తే "ఆఁ" అంటాడు. దినాల్లో చుట్టాలంతా గుండెలు బాదుకుని ఏడుస్తుంటే ఈయన మాత్రం వచ్చినవాళ్ల చెప్పులు వర్షంలో తడుస్తున్నాయని తీసి అరుగు మీద పెట్టాడు. "ఒక్క సుక్క రాలలేదు సూడు" అని చెవులు కొరుక్కున్నారు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. ఏడుపు రావట్లేదని ఆయనకూ భయంగానే ఉంది. కానీ ఆ భయం కూడా పక్కింటివాళ్ల భయంలా దూరంగా ఉంది.

సక్కుబాయిది నాలుగు రోజుల జ్వరం. దవాఖాన నుంచి ఆమెను తెచ్చిన రోజే తెలంగాణ ఇస్తున్నట్టు ఢిల్లీలో ప్రకటన వచ్చింది. అంబులెన్సు ఊళ్లోకి తిరిగేసరికి రోడ్డు మీద పటాకుల దండలు పేలుతున్నాయి, గులాల్ లేస్తోంది. సంగతి తెలిసి నలుగురు పరిగెత్తుకెళ్లి ఆపబోయారు. "కాల్చుకోనియ్యిన్రి" అన్నాడు సత్తయ్య. కోపంతో అనలేదు, పెద్దమనసుతోనూ అనలేదు. చప్పుడు చెవిన పడుతోంది, అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడాయనకు ఈ తూటాల ఆరా ఎందుకంటే, మక్కజొన్న చేను కోసం. విమానాశ్రయానికి భూములు తీసుకున్నప్పుడు సత్తయ్య తొమ్మిదెకరాల్లో ఏడు గీతకు అవతల పడ్డాయి, రెండు ఇవతల మిగిలాయి. ఆ రెండెకరాల్లో ఆరుద్ర కార్తెలో సక్కుబాయి తన చేత్తో నాటు మక్కలు పెట్టింది. కొడుకు అరవింద్ సంకర విత్తనాల సంచీ తెస్తానంటే వద్దంది. తన గింజ మీద ఆమెకు అంత గురి. ఒకసారి కలుపు తీసింది, గట్టు పొడుగునా బీర తీగ, గుమ్మడి పాదులు పాకించింది. అంతే, పోయింది. చేను మాత్రం ఆమె ఇంకా ఉన్నట్టే పెరిగింది. కంకి గట్టిపడింది. వారం పది రోజులు నిలిస్తే ఇంటికి వస్తుంది.

ఆ వారం పది రోజులే నిలిచేలా లేదు. పట్నం వాళ్లు ప్లాట్లకని కొని, రాళ్లు పాతి వదిలేసిన భూముల్లో సర్కారు తుమ్మ అడవిలా పెరిగింది. అందులో అడవిపందులు సంసారాలు పెట్టాయి. ఒక్కో గుంపు చేనులో పడిందంటే తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. పడమటి మూలన అప్పటికే పెద్ద జాగా నేలమట్టమైంది. ఆ విరిగిన కర్రల మధ్య నిలబడ్డప్పుడు సత్తయ్యకు రెండు నెలల్లో మొదటిసారి ఒక కోరిక లాంటిది పుట్టింది. ఈ పంట ఇంటికి రావాలి. సక్కుబాయి పెట్టిన ఆఖరి గింజ పందుల పాలు కావద్దు. ఇంతకు మించి ఆయనకు బతుకులో కావలసింది ఇంకేమీ కనబడలేదు.

ఇంట్లో తుపాకి ఉంది. తండ్రి రామచంద్రయ్య కాలంలో పంట కాపలాకని లైసెన్సు మీద తెచ్చిన రెండు గొట్టాల బందూకు. తండ్రి దానితోపాటు ఒక నియమం కూడా తెచ్చి ఇంట్లో పెట్టాడు. తుపాకి ఒకరి చేతిలో ఉంటే, గొంతు ఇంకొకరిది ఉండాలి. ఒంటిగా చేనులో తుపాకి పేల్చకూడదు. పేల్చేముందు రెండో మనిషి గట్టు మీద నిలబడి డబ్బా కొట్టి "ఎవలన్న ఉన్నరా చేన్ల?" అని కేక పెట్టాలి. గడ్డి కోసేవాళ్లో, చెంబు పట్టుకుపోయినవాళ్లో ఉంటే "ఉన్న, ఉన్న" అని పలుకుతారు. పలుకు రాకపోతేనే ఆకాశంలోకి ఒక దెబ్బ. తండ్రి తుపాకి పట్టిన రోజుల్లో తల్లి కేక వేసేది. సత్తయ్య చేతికి తుపాకి వచ్చాక ఆ పని సక్కుబాయిది. ఆమె గొంతు బెంగళూరు రోడ్డు దాకా వినబడేదని ఊళ్లో నవ్వుకునేవారు. సగం పందులు ఆ కేకకే పారిపోయేవి, తుపాకి ఉత్త మర్యాదకు పేలేది.

విమానాలు దిగడం మొదలైన ఏడాది స్టేషన్‌కు పిలిపించి ఎస్సై మంచిగానే చెప్పాడు. "లైసెన్సు నీదే సత్తయ్యా, కాదంటలేను. కని ఇగ పైకి కాల్చుడు బంద్. పైనంగ మనుషులు పోతుంటరు." ఆ మాట సబబుగానే ఉంది. తుపాకి గోనెపట్టాలో చుట్టి అటక ఎక్కించాడు. అప్పటికి మిగిలినవి రెండు తూటాలు. వాటిని దాచమని సక్కుబాయి చేతికిచ్చాడు. ఇచ్చి మరిచిపోయాడు.

పైకి కాల్చొద్దన్నారు గానీ కిందికి కాల్చొద్దనలేదు కదా అని ఇప్పుడు సత్తయ్యకు తోచింది. పందిని చంపడం చట్టానికి ఒప్పని పని అని తెలుసు. తెలిసినా ఆ తెలివి ఎక్కడో అడుగున పడి ఉంది, పైకి తేలలేదు. ఒక్క పంది పడితే మిగతావి నెల దాకా ఇటు తొంగిచూడవు. ఆయన లెక్క అంత సులువుగా ఉంది.

ఊరివాళ్ల మాట పనికిరాలేదని శంషాబాద్‌లో అనంతయ్య ఇంటికి వెళ్లాడు. అనంతయ్య పోలీసు బెటాలియన్లో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి. బస్టాండు వెనక ఇల్లు. నవ్వు ఎక్కువ, మాట ఇంకా ఎక్కువ.

"ఎన్నేండ్లుంటయని కార్తూసును అడగొద్దు సత్తన్నా, పెట్టిన జాగను అడగాలె" అన్నాడు. "సల్లగ, పొడిగ ఉంటే నాకంటె ఎక్కువ బతుకుతయ్. మా నాయిన వయసున్న పెట్టె ఇప్పితే ఒక్కటి తప్పకుంట పేలినయ్ మా దగ్గర. అదే తడి తాకితే ఒక్క వానకాలం సాలు, మట్టిగొట్టుకపోతయ్. నీయి ఎక్కడ పెట్టినవ్?"

"మా ఇంటామె పెట్టింది."

అనంతయ్యకు సక్కుబాయి పోయిన సంగతి తెలుసు. కాసేపు నవ్వు ఆపాడు. "తెచ్చి సూపియ్యి. సూడకుంట చెప్తే జోతిష్యం అయితది. కాదంటవా, గా పాతయి పక్కకు పెట్టి కొత్తయి తెచ్చుకో."

కొత్తవాటికి పట్నం పోవాలి, దుకాణంలో కాగితాలు చూపాలి, మాట్లాడాలి. ఇవన్నీ సత్తయ్యకు కొండలు తవ్వినంత పనిగా కనిపించాయి. అనంతయ్యకు చూపించడానికి మళ్లీ శంషాబాద్ రావడమూ అంతే. సరేనని తలూపి వచ్చేశాడు.

ఇంటికొచ్చి అటకెక్కాడు. అటక సక్కుబాయి రాజ్యం. అనుములు బూడిదలో, జొన్నలు వేపాకులో, మక్క కంకులు పొయ్యి పొగ తగిలేలా దూలానికి. కందులు, పెసర్లయితే ఆముదం చేతికి రాసుకుని గింజ గింజకూ పట్టించి డబ్బాకెత్తేది. చచ్చినోళ్ల కళ్లు చారెడంటారు. సక్కుబాయికి ఆ సామెత అక్కర్లేదు, ఆమె బతికున్నప్పుడే చుట్టుపక్కల ఊళ్ల నుంచి విత్తనానికని వచ్చేవారు. పురుగుకు ఒక్క గింజ దక్కనిచ్చేది కాదు. మనుషులకు మాత్రం దోసిళ్లతో పెట్టేది.

తూటాలు పెసర్ల డబ్బాలో దొరికాయి. పాత చీర పేలికలో చుట్టి గింజల నడుమ పూడ్చి ఉన్నాయి. ఎర్రటి అట్ట ఒళ్లు, కింద ఇత్తడి మొదలు. ఐదేళ్ల కింద ఇచ్చినప్పుడు ఇత్తడి మబ్బుగా ఉన్నట్టు గుర్తు. ఇప్పుడు బోనాలనాటి చెంబులా మెరిసిపోతోంది. ఎక్కడా చిలుము లేదు, తడి మచ్చ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆమె చేతుల వాసన వచ్చింది. ఆ వాసనకు ఏదో కదలాలని సత్తయ్య కాసేపు నిచ్చెన మీదే ఆగాడు. ఏమీ కదల్లేదు. ఇంత బాగా ఉన్నవి ఎందుకు పేలవు అనుకుని దిగాడు.

మర్నాడు సాయంత్రం, ఎల్లుండి పోయినవాళ్లకు పెట్టే పెత్తరమాస అనగా, ఆయన తుపాకి పట్టుకుని చేనుకు వెళ్లాడు. అరవింద్ విమానాశ్రయంలో సరుకుల గోదాం డ్యూటీలో ఉన్నాడు. కోడలు సునీత కూడా అక్కడే, మెరుగు గచ్చులు తుడిచే పని. ఇంకా డ్యూటీ బండి రాలేదు. ఇంట్లో చెప్పిపోవడానికి ఎవరూ లేరు. ఉన్నా చెప్పేవాడు కాదేమో.

మోటారు గది పక్కన బండ మీద కూర్చుని రెండు గొట్టాల్లోనూ తూటాలు దింపాడు. పొద్దు గుంకుతోంది. విమానాశ్రయం ప్రహరీ అవతల దీపాలు వెలిగాయి. గాలి లేదు, మక్క ఆకు కదలడం లేదు. మోటారు గదిలో సక్కుబాయి కొట్టే డబ్బా మేకుకు వేలాడుతూనే ఉంది. డాల్డా డబ్బా, పక్కన తుమ్మ కర్ర. సత్తయ్య దాని పక్కనుంచే వచ్చాడు.

కేక సంగతి ఆయనకు గుర్తొచ్చి కూడా ఊరుకున్నాడని చెబితే వినడానికి బాగుండేది. నిజం అది కాదు. గుర్తే రాలేదు. ఇన్నేళ్లుగా ఆ కేక ఆయన పని కాదు. పొద్దున లేచేసరికి కుండలో నీళ్లు ఉన్నట్టు, ఎండాకాలం వచ్చేసరికి జాడీలో తొక్కు ఉన్నట్టు, తుపాకి ఎత్తేసరికి కేక దానంతటదే వచ్చేది. అది ఒక మనిషి గొంతులోంచి వస్తోందని మగవాళ్లు ఎప్పుడు లెక్కపెట్టారు గనుక.

చీకటి ఇంకా పడలేదు, వెలుతురు పలచబడింది. అప్పుడొక విమానం దిగుతూ వచ్చింది. పెద్దది, గల్ఫ్ నుంచి వచ్చేది. దాని మోత కింద చేనంతా మూగబోయింది. ఆ మోతలోనే బీర తీగ వైపు మక్క కర్రలు ఊగాయి. ఒకటి, మళ్లీ ఒకటి. కర్రల సందుల్లో నల్లగా, వంగి, నేలకు దగ్గరగా ఏదో ఉంది. సత్తయ్య లేచాడు. తుపాకి భుజానికి వచ్చింది. ఎప్పుడూ ఆకాశానికి లేచే గొట్టం ఇవాళ నేల వైపు నిలిచింది. గొట్టం కొసన ఆ నలుపును నిలుపుకున్నాడు. వేలు నొక్కాడు.

పేలలేదు. తుపాకి లోపలి సూది కొట్టిన 'టక్' మాత్రం చెంపకు తగిలింది. మోతలో చెవికి కూడా వినబడలేదు. గొట్టం అలాగే కిందికి పెట్టి నిలబడ్డాడు. పేలని తూటాను వెంటనే తీయొద్దని తండ్రి చెప్పేవాడు, ఆ ఒక్క మాట గుర్తొచ్చింది.

విమానం ప్రహరీ దాటి దిగిపోయింది. చప్పుడు అణిగింది. బీర తీగ దగ్గర ఆ నలుపు నడుం పట్టుకుని నిటారుగా లేచి నిలబడింది. సునీత. ముదురు బూడిద రంగు డ్యూటీ బట్టల్లోనే ఉంది, చున్నీ కొంగులో బీరకాయలు.

"మామా! నువ్వు గీడనే ఉన్నవా?" అంది. "బండి దిగి గిట్లనే వచ్చిన. ఎల్లుండికి కాయగూరలు మన చేన్లయే పెట్టాలె గద. అత్తమ్మ పెట్టిన తీగ ఉండంగ బజార్ల కొనుడేంది అనుకున్న." తుపాకి చూసింది. "పందులొచ్చినయా?"

"రాలే" అన్నాడు సత్తయ్య.

"రాకుంటే ఇగ పా ఇంటికి. మధ్యాన్నం తిన్నవో లేదో, గిన్నె మూత తీసినట్టు కూడ లేదు నాకు తెలుసు. గివి జర పట్టు, కొంగు జారుతుంది." నాలుగు బీరకాయలు ఆయన చేతిలో పెట్టింది.

సత్తయ్య ఒక భుజాన తుపాకి, ఒక చేతిలో బీరకాయలతో ఆమె వెనక నడిచాడు. ఆమె డ్యూటీలో సూపర్‌వైజర్ మీద ఏదో చెబుతూ ముందు పోతోంది. ఇప్పుడు గుండె దడదడ కొట్టుకోవాలి, కాళ్లు వణకాలి అని ఆయన ఎదురు చూశాడు. కొట్టుకోలేదు. వణకలేదు. ఇంటికొచ్చి తూటాలు తీసి చూశాడు. ఒకదాని ఇత్తడి నడుమ సూది గుంట పడి ఉంది. బీరకాయల పచ్చడి వేసుకుని అన్నం తిన్నాడు. పడుకుంటే నిద్ర కూడా పట్టింది. పొద్దున లేచాక, తనకు నిద్ర పట్టిందన్న సంగతి ఆయనను మిగతా అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. కొడుకు పెళ్లాన్ని చంపబోయి నిద్రపోయిన మనిషి మనిషేనా?

తెల్లారి రెండు తూటాలూ జేబులో వేసుకుని శంషాబాద్ వెళ్లాడు. రెండు రోజుల కింద కొండలా కనబడిన దారి ఇప్పుడు నడిస్తే అయిపోయింది.

అనంతయ్య అరుగు మీద పేపరు పరిచి, కళ్లజోడు పెట్టుకుని తూటాను అటూ ఇటూ తిప్పాడు. "అబ్బ, కొత్త పెండ్లికొడుకు లెక్క ఉన్నది" అన్నాడు. బ్లేడుతో అట్ట చీల్చాడు. సీసపు గుండ్లు దొర్లాయి. వాటి కింద ఉండాల్సిన మందు రాలలేదు. పుల్లతో గీకితే ముద్దగా ఊడి పేపరు మీద పడింది.

"సూడు. గిది రవ్వ లెక్క జలజల రాలాలె. పిండి ముద్దయి కూసున్నది." ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు, ఒక్కసారి పగలబడి నవ్వాడు. "ఆముదం! సత్తన్నా, ఆముదం! నా నౌకరీ మొత్తంల కార్తూసుకు ఆముదం పట్టిచ్చినోళ్లను సూడలే. ఎవలు జేసిన్రు గీ వైద్యం?"

సత్తయ్యకు కళ్లముందు కనబడింది. దసరాకు ముందు కొడవళ్లు, గొడ్డళ్లు, నాగటి కర్రు అన్నీ కడిగి వరసగా పెట్టి, గిన్నెలో ఆముదం పెట్టుకుని కూర్చునేది సక్కుబాయి. ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని పసిపిల్లకు రాసినట్టు రాసేది. ఆ వరసలో ఈ రెండూ కూడా ఉండేవి కాబోలు. చూసి ఉంటాడు. చూసినా పట్టించుకుని ఉండడు.

"మా ఇంటామె" అన్నాడు. "పెసర్లకు పట్టిస్తుండె. చిలుం పట్టదని, పురుగు పట్టదని... వీటికి కూడ పట్టిచ్చినట్టున్నది. ఏటేట."

"పాపం, మంచిగుండాలెననే జేసింది" అన్నాడు అనంతయ్య కళ్లు తుడుచుకుంటూ. "కని కార్తూసుకు తడికన్న నూనె దుష్మన్. సన్నగ లోపలికి దిగుతది. గీ ఇత్తడి నడుమ బొట్టున్నది సూడు, దాన్ల నిప్పు మందుంటది. దాన్ని సంపేస్తది. పైకేమో బంగారం లెక్క మెరుస్తనే ఉంటది. ఎన్నేండ్లుంటయని అడిగితివి గద? గీ లెక్కన మొదటి దసరాకే సచ్చిపోయినయ్. ఏమనుకోకు గని, మంచిగున్నదాన్ని ఆమెనే ఖరాబ్ జేసింది."

"అవు" అన్నాడు సత్తయ్య. "ఆమెనే ఖరాబ్ జేసింది."

ఆ గొంతులో ఏమి వినబడిందో, అనంతయ్య నవ్వు సగంలో ఆగింది. ఇత్తడిని వెలుతురుకు ఎత్తి చూశాడు. సూది గుంట అప్పుడు కనబడింది.

"దీన్ని కొట్టినవా?"

"కొట్టిన."

"పైకా?"

సత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

"దేని మీద కొట్టినవ్ సత్తన్నా?"

"చేన్ల నల్లగ ఏదో కదిలింది."

"కదిలింది ఏందో సూసుకున్నవా?"

సత్తయ్య పేపరు మీద సీసపు గుండ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ముఖం ఆముదం తాగినట్టు ఉంది. ముప్పై ఏళ్లు తుపాకుల మధ్య బతికిన అనంతయ్యకు మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపలికి కేకేసి నీళ్లు తెప్పించాడు. రెండో తూటాను తానే అందుకుని, అడగకుండానే దాన్నీ చీల్చి పడేశాడు. అదీ అంతే, ముద్ద.

"బందూకు స్టేషన్ల ఇచ్చెయ్యి" అన్నాడు చివరికి. "ఇగ నీకు వద్దు అది."

"ఇస్త" అన్నాడు సత్తయ్య. నీళ్లు తాగి లేచాడు.

ఇంటికి పోలేదు. సాయంత్రం దాకా ఎక్కడ తిరిగాడో ఆయనకే తెలియదు. బస్సు దిగాక కాళ్లు చేను వైపు తీసుకుపోయాయి. పొద్దు అదే పొద్దు, నిన్నటి వెలుతురే. పడమటి మూలన కర్రలు విరుగుతున్నాయి. పందులు నిజంగానే వచ్చాయి. మోటారు గదిలోకి వెళ్లి మేకుకున్న డబ్బా తీశాడు. తుమ్మ కర్ర చేతిలో పట్టుకుంటే ఆమె పట్టుకునే చోట నునుపుగా ఉంది.

ఆమె నిలబడే గట్టు మీద, ఆమె నిలబడే చోటనే నిలబడ్డాడు. డబ్బా మీద రెండు దెబ్బలు వేశాడు. నోరు తెరిచాడు. గొంతు రాలేదు. ఆయన ఎన్నడూ వేసిన కేక కాదది. ఎంత ఎత్తులో మొదలుపెట్టాలో, ఎక్కడ సాగదీయాలో తెలియదు. దగ్గి, ఊపిరి పట్టి మళ్లీ ఎత్తాడు.

"ఎవలన్న ఉన్నరా... చేన్ల?"

బొంగురుగా, పగిలిన డప్పులా వచ్చింది. వచ్చి చేనంతా పాకింది. పందుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"నేనున్న మామా!"

గట్టు కింద గుమ్మడి పాదు లోపలి నుంచి పలికింది సునీత. "నేనే! గుమ్మడికాయకొచ్చిన. ఉన్న, ఉన్న!"

సత్తయ్య చేతిలోంచి డబ్బా జారి దొర్లుకుంటూ కాలువలో పడింది. గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది, రెండు నెలలుగా ఎక్కడ ఆగిందో అదంతా. కడుపులోంచి, ఆగకుండా, అరుపుగా వచ్చింది. సక్కూ అన్నాడు, ఎన్నిసార్లు అన్నాడో. చేత్తో మట్టి పిడికిట పట్టి నేలను కొట్టాడు. ఆమె పోయింది. ఆమె పోయిందన్న సంగతి ఆయనకు ఆ క్షణాన తెలిసింది. పోయి కూడా ఆయన చేతికి అడ్డం పడిందని కూడా తెలిసింది.

సునీత గుమ్మడికాయ అక్కడే వదిలేసి ముళ్లను లెక్కచేయకుండా పరిగెత్తుకొచ్చింది. "మామా, ఏమైంది? పురుగు ముట్టిందా? ఏ కాలు? సూపియ్యి!" అని ఆయన కాళ్లు తడిమింది. కాటు ఎక్కడా లేదు. భుజాలు పట్టుకుంది.

"అడగలే బిడ్డా" అన్నాడు సత్తయ్య. "నిన్న అడగలే."

"ఏం అడగలే మామా?"

"మీ అత్త ఉంటే అడుగుతుండె. నేను అడగలే."

సునీతకు ఏమీ అర్థం కాలేదు. అయినా మళ్లీ అడగలేదు. దవాఖాన నుంచి తెచ్చిననాటి నుంచీ ఈ మనిషి ఏడవాలని ఇంట్లో అందరికంటే ఎక్కువ మొక్కుకున్నది ఆమె. చున్నీతో ఆయన ముఖం తుడిచి, గట్టు మీద పక్కన కూర్చుంది. పడమటి మూలన పందులు మళ్లీ కంకులు విరవడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.